పుస్తకం మళ్లీ చేతిలోకి రావాలంటే ఏం చెయ్యాలి

చిన్నప్పుడు వారపత్రిక ఇంటికి రాగానే ముందు నేనంటే నేనని అక్కతో కొట్లాడినవాళ్లు, అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి నవల తెచ్చుకుని రాత్రికి రాత్రే పూర్తి చేసి పొద్దున్నే తిరిగిచ్చేసినవాళ్లు, ఇప్పుడు అదే పుస్తకం పట్టుకుంటే రెండో పేజీకే చెయ్యి ఫోన్ మీదకి పోతోందని గింజుకునేవాళ్లు, ఇదంతా మీకోసమే. అసలెప్పుడూ చదవనివాళ్లకి కూడా పనికొస్తుంది గానీ ఎక్కువ బాధపడేది చదివి మానేసినవాళ్లే, ఏం పోయిందో వాళ్లకి తెలుసు కదా. ఎవర్నడిగినా "చదవాలనే ఉందండీ, టైమే ఉండట్లేదు" అంటారు. అబద్ధం అని నేననను, ఆఫీసు, వంట, పిల్లల ట్యూషన్లు, ట్రాఫిక్ అన్నీ నిజమే. పైగా దానికి తోడు "నాకు బద్ధకం పెరిగిపోయింది, ఓపిక లేదు" అని తమని తామే తిట్టుకుంటారు, అది మాత్రం నేను ఒప్పుకోను. నేను చూసినంతవరకు మనిషి చదవడం మానేసింది బద్ధకం వల్ల కాదు, చిన్న చిన్న అడ్డంకుల వల్ల. ఖాళీ దొరికిన టైమ్‌కి పుస్తకం దగ్గర ఉండదు, ఉంటే అది తప్పు పుస్తకం అయి ఉంటుంది, సరైన పుస్తకమే ఉన్నా లైటు సరిగ్గా ఉండదు, ఇంకా ఎవరూ అనుకోనిది ఒకటుంది, దాని దగ్గరకి వస్తా. వీటిని ఒక్కోటీ తీసేసుకుంటూ పోతే చాలు.

1. ముందు ఫోన్ తీసి ఒక లెక్క చూడండి

ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. అందులో నిన్న ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో నిమిషాలతో సహా ఉంటుంది. చూసి కంగారు పడొద్దు, ఫోన్ మానేస్తా అని శపథాలు కూడా చెయ్యొద్దు, ఆ శపథం ఆదివారం దాకా కూడా నిలబడదు. మీరు చూడాల్సింది ఒక్కటే, అందులోంచి ఇరవై నిమిషాలు ఎక్కడ తియ్యొచ్చు. మొత్తం కాదు, ఇరవై నిమిషాలే.

ఇరవై నిమిషాలతో ఏమవుతుంది అనకండి. మామూలు సైజు తెలుగు పుస్తకం ఒక పేజీకి రెండు నిమిషాలు వేసుకుందాం, నెమ్మదిగా చదివేవాళ్లకి కూడా సరిపోతుంది. రోజుకి పది పేజీలు, నెలకి మూడొందలు, మధ్యలో పెళ్లిళ్లు జ్వరాలు పండగలు అన్నీ తీసేసి ఏడాదిలో మూడొందల రోజులే చదివారనుకున్నా మూడు వేల పేజీలు. అంటే రెండొందల పేజీల పుస్తకాలు పదిహేను. మన చుట్టాల్లో ఏడాదికి పదిహేను పుస్తకాలు చదివేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కేసుకోండి.

2. ఇంతకీ చదివితే ఏమొస్తుంది అన్నది తేల్చుకోండి

ఇది తేల్చుకోకపోతే పదో రోజుకి మళ్లీ మానేస్తారు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. నెట్‌లో ఎక్కువగా తిరిగేది ఆయుష్షు సంగతి. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఒక రీసెర్చ్ పేపర్ వేశారు, 50 ఏళ్లు దాటిన 3,635 మంది మీద, 12 ఏళ్ల డేటాతో. అందులో పుస్తకాలు చదివేవాళ్లకి చనిపోయే రిస్కు చదవనివాళ్ల కంటే 20 శాతం తక్కువ కనబడింది, పేపర్లూ మ్యాగజైన్లూ చదివేవాళ్లకి అంత లాభం కనబడలేదు. వినడానికి బాగానే ఉంది. వాళ్లు చదువు, డబ్బు, ఆరోగ్యం లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నారు కూడా, అయినా సరే చదవడం వల్లే ఎక్కువ బతికారా, లేకపోతే స్థిమితంగా ఉండేవాళ్లే చదువుతారా అన్నది ఇలాంటి స్టడీ తేల్చలేదు. కాబట్టి బీపీ మాత్ర వేసుకున్నట్టు పుస్తకం చదవక్కర్లేదు.

నాకు నమ్మకం ఉన్న కారణం ఇంకోటి, కాస్త మోటుది. ఈ మధ్య ఫ్లాట్ కొన్నవాళ్లని అడగండి, బిల్డర్ ఇచ్చిన సేల్ అగ్రిమెంట్ నలభై పేజీలు ఎంతమంది పూర్తిగా చదివి సంతకం పెట్టారో. హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలో ఏ జబ్బుకి ఎన్నేళ్లు ఆగాలో రాసిన పేజీ ఎంతమంది చూశారో. మన చదువుకి లోటేం లేదు, కానీ ఒకేచోట కూర్చుని నలభై పేజీలు ఒక విషయం వెనకాల నడిచే అలవాటు పోయింది, అందుకే "మీరే చెప్పండి సార్, ఎక్కడ పెట్టాలి సంతకం" అంటాం. నవలలు చదివేవాళ్లకి ఆ అలవాటు ఊరికే, సరదాగా, పైసా ఖర్చు లేకుండా వస్తుంది. మూడో పేజీలో చెప్పింది ముప్ఫయ్యో పేజీలో తిరగబడితే పట్టుకుంటారు. ఇక కథలో మీకు అస్సలు నచ్చని మనిషి పక్కన రెండొందల పేజీలు కూర్చోవాల్సి రావడం, చివరికి వాడి బాధ కూడా కొంచెం అర్థమవ్వడం, అది వేరే లాభం, దానికి లెక్కలు అడక్కండి.

3. నలభై దాటితే ముందు కళ్లు చూపించుకోండి

ఎవరూ అనుకోనిది అన్నాను చూడండి, ఇదే. నలభై దాటగానే దగ్గరవి సరిగ్గా కనబడవు, చత్వారం అంటాం. ఇది ఒక్క రోజులో రాదు, మెల్లగా వస్తుంది కాబట్టి మనకి తెలీదు, పుస్తకాన్ని కొంచెం దూరం పెట్టి చదువుతాం, తర్వాత ఇంకొంచెం దూరం, తర్వాత చెయ్యి చాలదు. ఫోన్‌లో అయితే అక్షరం పెద్దది చేసుకోవచ్చు, వెనకనుంచి లైటు కూడా వస్తుంది, అందుకే ఫోన్ హాయిగా ఉంటుంది, పుస్తకం తలనొప్పిగా ఉంటుంది. అప్పుడు మనం ఏమనుకుంటాం, "నాకు పుస్తకాల మీద ఇంట్రెస్ట్ పోయింది" అనుకుంటాం. ఇంట్రెస్ట్ ఎక్కడికీ పోలేదు, వత్తులూ గుణింతాలూ కలిసిపోయి కనబడుతున్నాయి అంతే. తెలుగులో ఇది ఇంకా ఎక్కువ ఇబ్బంది, అక్షరం కింద వత్తు చిన్నగా ఉంటుంది, పాత ప్రింటు పుస్తకాలైతే సిరా పాకి అదొక చుక్కలా ఉంటుంది.

రోడ్డు పక్కన దొరికే రెడీమేడ్ కళ్లజోడు పెట్టుకుని చూసి అక్షరాలు తేటగా కనబడ్డాయా, అయితే మీ రోగం అదే. అలాగని దాంతోనే సరిపెట్టేసుకోవద్దు, రెండు కళ్లకీ పవర్ ఒకటే ఉండకపోవచ్చు, పైగా కళ్ల డాక్టర్ దగ్గరకి వెళ్తే ఎలాగూ కంట్లో ప్రెషర్ చూస్తారు, షుగర్ ఉన్నవాళ్లకి రెటీనా కూడా చూస్తారు, ఈ వంకతో అదీ అయిపోతుంది. చదివే కళ్లజోడు రెండు చేయించుకోండి, ఒకటి ఆఫీసు బ్యాగులో, ఒకటి పుస్తకం పక్కనే. లేవడం, కళ్లజోడు వెతకడం, దారిలో టీవీ దగ్గర ఆగిపోవడం, ఇలాగే పోతాయి సాయంత్రాలు.

లైటు కూడా చూసుకోండి. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ గది మధ్యలోనో మనకి ఎదురుగానో ఉంటుంది, కూర్చున్న మనిషి నీడే పుస్తకం మీద పడుతుంది. భుజం వెనకనుంచి పడేలా కుర్చీ తిప్పుకోండి లేదా చిన్న టేబుల్ ల్యాంపు కొనుక్కోండి.

4. టైమ్ ఎక్కడ పెట్టుకోవాలి

అందరూ చేసే పని, రాత్రి పడుకునే ముందు చదువుదాం అనుకోవడం. కొందరికి కుదురుతుంది, కాదనను, కానీ రోజంతా అలిసిపోయిన మనిషికి పడుకుని పుస్తకం పట్టుకుంటే నాలుగో లైనుకి పుస్తకం మొహం మీద పడుతుంది, మర్నాడు ఆ నాలుగు లైన్లే మళ్లీ చదవాలి, అలా నెలంతా అదే పేజీలో ఉంటారు. నిద్రకి మంచి మందే, చదువుకి కాదు.

ఇప్పటికే రోజూ తప్పకుండా జరిగే పని ఏదైనా ఉంటే దాని పక్కన పెట్టండి. పొద్దున కాఫీ తాగేటప్పుడు మీరు ఎలాగూ కూర్చుంటారు. మెట్రోలో మియాపూర్ నుంచి వచ్చేవాళ్లకి, లోకల్ ట్రైన్‌లోనో ఆర్టీసీ బస్సులోనో రోజూ ఊరు మారి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి టైమ్ లేదు. అలా అప్‌అండ్‌డౌన్ చేసే టీచర్లూ బ్యాంకువాళ్లూ బస్సులో సీటు దొరికిన అరగంటలోనే ఎన్ని నవలలు లాగించేస్తారో మీరూ చూసే ఉంటారు. పిల్లాణ్ని డాన్స్ క్లాసులోనో స్విమ్మింగ్‌లోనో దింపి బయట స్కూటీ మీద కూర్చునే గంట ఉంది, డాక్టర్ దగ్గర టోకెన్ నంబర్ వచ్చేదాకా ఉంది. ఈ టైమ్‌లన్నీ మీవే, ఇప్పుడు రీల్స్‌కి పోతున్నాయి.

కానీ దీనికి పుస్తకం మీతో ఉండాలి. అందుకని బ్యాగులో ఒక పల్చటి పుస్తకం ఎప్పుడూ ఉంచెయ్యండి, ఇంటికొచ్చాక అది బ్యాగులోంచి తియ్యకూడదు, ఇంట్లో చదివేది వేరే. ఇంట్లో పుస్తకం కూడా బీరువాలో పెట్టకండి, మీరు ఫోన్ చార్జింగ్ పెట్టుకునే చోట పెట్టండి, ఫోన్ అక్కడ వదిలి పుస్తకం పట్టుకుని రావాలి. ఈ ఒక్క మార్పుతో పని సగం అయిపోతుందని నా లెక్క.

5. మొదటి పుస్తకం ఏది

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇన్నేళ్ల తర్వాత మొదలుపెడుతున్నాం కదా గొప్ప పుస్తకంతో మొదలుపెడదాం అని ఎనిమిదొందల పేజీల నవలో, మహాభారతం అన్ని సంపుటాలో తెచ్చుకుంటారు. వద్దు. పదేళ్లుగా ముప్ఫై సెకన్ల ముక్కలకి అలవాటుపడిన బుర్ర అది, దాన్ని ఒకేసారి ఎనిమిదొందల పేజీల్లోకి తొయ్యకండి.

కథల పుస్తకం తీసుకోండి. తెలుగు కథ మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు పేజీలు ఉంటుంది, మన ఇరవై నిమిషాలకి అటూఇటుగా కూర్చున్నచోటే పూర్తవుతుంది, పూర్తయిందన్న తృప్తి రోజూ దొరుకుతుంది. మధ్యలో నాలుగు రోజులు గ్యాప్ వచ్చినా ముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకునే పని ఉండదు. ఒకే రచయిత కథలకంటే పదిమంది కథలు కలిపి వేసిన సంకలనం ఇంకా నయం, ఒకటి నచ్చకపోయినా ఇంకోటి నచ్చుతుంది, నచ్చినవాళ్ల పేరు రాసిపెట్టుకుంటే తర్వాతి పుస్తకం ఏదో దానంతటదే తేలుతుంది. మీ ఊరి యాసలో రాసినవాళ్లని వెతకండి. కళింగాంధ్ర కథ, సీమ కథ, తెలంగాణ కథ, నెల్లూరు వైపు కథ, అన్నీ ఉన్నాయి, మీ అమ్మమ్మ మాట్లాడినట్టున్న వాక్యం పుస్తకంలో కనబడితే ఇక మీరు ఆగరు.

ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు కూడబలుక్కునేవాళ్లు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, ఈ తరంలో సగం మంది మీలాగే ఉన్నారు. మొదటి రెండు వారాలు పైకి చదవండి. కంటికి కొత్తగా ఉన్న మాట చెవికి పాతదే అయి ఉంటుంది, పైకి చదవగానే "ఓ ఇదా" అని వెలుగుతుంది. డైలాగులు ఎక్కువ ఉన్న కథలు తీసుకోండి, వర్ణనలు ఎక్కువ ఉన్నవి తర్వాత. పిల్లల కథలతో మొదలుపెట్టినా నష్టం లేదు, 1947లో మొదలైన చందమామ పాత సంచికలు పెద్దవాళ్లు కూడా ఇష్టంగా వెతుక్కుని చదువుతున్నారు, ఆ తెలుగు తేటగా ఉంటుంది, కథ ఒకట్రెండు పేజీల్లో అయిపోతుంది.

"ధనవంతులు అవ్వడం ఎలా", "పొద్దున నాలుగింటికి లేవడం ఎలా" లాంటి పుస్తకాలతో మాత్రం మొదలుపెట్టకండి అని నా సలహా. ఒకటి చదివితే తప్పులేదు, కానీ అవి చాలావరకు పది పేజీల విషయాన్ని రెండొందల పేజీలకి సాగదీసినవి, చదవడం అంటే ఇంతే కాబోలు అనిపించి మళ్లీ మానేస్తారు.

ఇంకొకటి, నచ్చని పుస్తకం ముప్ఫై పేజీలకి వదిలెయ్యండి. డబ్బు పెట్టి కొన్నాం కదా, ఫలానా పెద్దాయన మెచ్చుకున్నాడు కదా, అవార్డు వచ్చింది కదా అని పళ్లబిగువున చదవొద్దు. ఒక నచ్చని పుస్తకం మంచం పక్కన నెలలకొద్దీ కూర్చుని మిగతా పుస్తకాలన్నిటికీ అడ్డం పడుతుంది. ఎవరికైనా ఇచ్చెయ్యండి, వాళ్లకి నచ్చొచ్చు.

6. పుస్తకాలు ఎక్కడినుంచి తేవాలి

మొదట లైబ్రరీ. మీరు ఆల్రెడీ డబ్బు కట్టేశారు కూడా. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక లైను ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టంతో వచ్చింది అది, పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే ఐదు వేలు పన్ను కట్టేవాళ్లు నాలుగొందలు లైబ్రరీకి కడుతున్నారు, కట్టి మొహం చూడట్లేదు. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కోండి, జిల్లా కేంద్రం అయితే జిల్లా గ్రంథాలయం ఉంటుంది. చాలాచోట్ల శుక్రవారం సెలవు, చిన్న లైబ్రరీలు పొద్దున కొన్ని గంటలు సాయంత్రం కొన్ని గంటలు తీస్తారు, టైమింగ్స్ ముందు అడిగి వెళ్లండి. ఆధార్ కాపీ, ఫోటోలు, కొద్దిగా డిపాజిట్ డబ్బులు పట్టుకెళ్తే మెంబర్‌షిప్ పని చాలావరకు అయిపోతుంది. లోపల కుర్చీలన్నీ గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలతో నిండిపోయి ఉంటాయి, చూసి వెనక్కి రాకండి, మీకు కావాల్సింది కుర్చీ కాదు. కథలూ నవలల బీరువాల వైపు ఎవరూ ఉండరు, దుమ్ము దులిపి తీసుకోవడమే.

ఈ లైబ్రరీలు ఊరికే రాలేదండీ. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు పూనుకుని గ్రంథాలయ సంఘం పెట్టారు, ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించారు, చదువు రానివాళ్లకి పేపర్ చదివి వినిపించే ఏర్పాట్లు చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు ఏకంగా పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువ మీద ఊళ్లకి పంపించారు. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నాటిది, నిజాం రోజుల్లో తెలుగు పుస్తకానికి చోటు లేని టైమ్‌లో పెట్టింది. చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, అటు వెళ్తే పాత పత్రికల కోసమైనా ఒకసారి లోపలికి వెళ్లి రండి.

కొనుక్కోవాలంటే హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్, షాపులు మూసుంటాయి కాబట్టి ఫుట్‌పాత్ మొత్తం పాత పుస్తకాలే. ఎక్కువ ఇంగ్లీషువి ఉంటాయి, తెలుగువి ఏ గుట్టలో ఉన్నాయో అడగాలి, ఓపిగ్గా కూర్చుని ఏరుకోవాలి, బేరం మొహమాటం లేకుండా ఆడాలి, పుస్తకం నచ్చినట్టు మొహంలో కనబడనివ్వకండి. కొనేముందు మధ్యలో పేజీలు ఉన్నాయా, చివరి పేజీ ఉందా చూడండి, డిటెక్టివ్ నవలకి చివరి పేజీ లేకపోతే ఆ బాధ చెప్పలేం. కొత్తవి కావాలంటే విజయవాడలో జనవరిలో పెద్ద పుస్తకాల ఎగ్జిబిషన్, హైదరాబాద్‌లో డిసెంబర్‌లో బుక్ ఫెయిర్. వెళ్లేటప్పుడు చిన్న లిస్టు రాసుకెళ్లండి, సంపుటాల సెట్లు డిస్కౌంట్‌లో ఊరిస్తాయి, ఆ ఒక్క సెట్టే ఏళ్లతరబడి అట్ట కూడా విప్పకుండా ఉండిపోతుంది. నాలుగు పుస్తకాలు చాలు, అవి చదివాక మళ్లీ కొనొచ్చు.

ఫ్రీగా కావాలన్నా బోలెడున్నాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లకి కాపీరైట్ అయిపోతుంది, ఉదాహరణకి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు కాబట్టి 2022 నుంచి ఆయన కథలు ఎవరైనా దర్జాగా దింపుకుని చదువుకోవచ్చు. తెలుగు వికీసోర్స్‌లోనూ ఆర్కైవ్ డాట్ ఆర్గ్ సైట్‌లోనూ ఇలాంటి పాతవి వేలకొద్దీ ఉన్నాయి. కథలకైతే కథానిలయం సైటు, కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన లైబ్రరీ అది, పాత పత్రికల్లో వచ్చిన కథలు స్కాన్ చేసి పెట్టారు. ఒక చిక్కేంటంటే స్కాన్ చేసిన పేజీ ఫోన్‌లో చదవడం నరకం, జూమ్ చెయ్యాలి, పక్కకి జరపాలి, మళ్లీ లైను మొదటికి రావాలి. పిల్లల ఆన్‌లైన్ క్లాసులప్పుడు కొన్న పాత ట్యాబ్ ఏదైనా మూల పడుంటే దుమ్ము దులపండి, అది కూడా లేకపోతే ఒక్కో కథ ప్రింట్ తీసుకోండి.

బతికున్న రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోకండి. తెలుగులో చాలా పుస్తకాలు ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, చాలాసార్లు రచయితే సొంత డబ్బు పెడతాడు, అందులో వంద కాపీలు పోయినా ఆ మనిషి ఇంకో పుస్తకం వెయ్యడు. బయట తిన్న బిర్యానీకి పెట్టే డబ్బు కంటే తక్కువే అవుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో తెలుగు షెల్ఫ్ ఉందేమో చూడండి, మనవాళ్లు ఎక్కువున్న ఊళ్లలో కొన్నిచోట్ల ఉంటుంది. లేకపోతే ఫలానా పుస్తకం కొనండి అని అడగడానికి చాలా లైబ్రరీల్లో ఫారం ఉంటుంది, నలుగురు కలిసి అడిగితే కొంటారు.

7. కూర్చున్నాక

మొదటి పది నిమిషాలు ఒళ్లంతా జెర్రులు పాకినట్టు ఉంటుంది, ఎవరో మెసేజ్ పెట్టారేమో అనిపిస్తుంది, గ్యాస్ కట్టానా అనిపిస్తుంది. లేవకండి, పదిహేనో నిమిషానికి సర్దుకుంటుంది. కొన్ని వారాలకి ఆ పది నిమిషాలు ఐదవుతాయి.

తెలియని మాట వచ్చినచోటల్లా ఆగకండి, ముందుకి పోతే చాలాసార్లు దానంతటదే అర్థమవుతుంది. మరీ గుచ్చుకుంటుంటే పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి వదిలెయ్యండి, చదవడం అయ్యాక ఆంధ్రభారతి సైట్‌లో చూడొచ్చు, పాత నిఘంటువులు బోలెడు ఒకేచోట వెతికి పెడుతుంది. చదివేటప్పుడే ఫోన్ తీసి చూశారా, ఆ మాట అర్థంతో పాటు మూడు రీల్స్ కూడా చూసి వస్తారు. గుర్తుకి పేజీ మడతపెట్టకుండా బస్ టికెట్ పెట్టండి. పుస్తకం అయ్యాక చివరి ఖాళీ పేజీలో తేదీ, ఒక్క లైను ఎలా ఉందో రాయండి, లైబ్రరీ పుస్తకమైతే మాత్రం మీ నోట్‌బుక్‌లో రాసుకోండి, మరీ వాళ్ల పుస్తకం మీద "అద్భుతం, తప్పక చదవండి" అని రాసే అలవాటు మనవాళ్లకి ఎక్కువ.

8. వినడం లెక్కలోకి వస్తుందా

వస్తుంది, ఎందుకు రాదు. వంట చేస్తూ, వాకింగ్ చేస్తూ, కారు నడుపుతూ వినొచ్చు, దాసుభాషితం లాంటి యాప్‌లలో తెలుగు పుస్తకాలు మంచి గొంతుతో చదివినవి ఉన్నాయి. కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లకైతే వరమే. కాకపోతే నలభై పేజీల అగ్రిమెంట్ దగ్గర చెప్పిన అలవాటు చెవితో రాదు, ఉల్లిపాయలు తరుగుతూ వింటే సగం కథే లోపలికి పోతుంది. అందుకని వినేది అదనంగా ఉంచండి, ఆ ఇరవై నిమిషాలు మాత్రం కంటికే.

9. ఇంట్లో ఇంకో మనిషిని కలుపుకోండి

పిల్లల్ని చదవమని చెప్పడం ఆపెయ్యండి, వాళ్లు ఉన్న గదిలోనే మీరు కూర్చుని చదవండి, అంతే. మీరు ఫోన్ చూస్తూ వాళ్లని పుస్తకం చదవమంటే ఏమంటారో మీకు తెలుసు. అమ్మానాన్నలకి శుక్లాలో ఇంకోటో ఉండి చదవలేకపోతుంటే సాయంత్రం ఒక కథ పైకి చదివి వినిపించండి, మధ్యలో ఆపి "మా ఊళ్లో కూడా ఇలాగే ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెడతారు, కథ ఆ రోజుకి పూర్తవదు, పోనివ్వండి, ఆ ఊరాయన కథ ఇంకా బాగుంటుంది.

స్నేహితులు ఉంటే నెలకి ఒక పుస్తకం అందరూ చదివి ఎవరింట్లోనో కలవండి. డిట్రాయిట్‌లో తెలుగువాళ్లు ఇరవై ఏళ్ల పైనుంచి లిటరరీ క్లబ్ అని పెట్టుకుని ఇదే పని చేస్తున్నారు, అంత దూరంలో చలిలో వాళ్లు చెయ్యగలిగింది మన అపార్ట్‌మెంట్‌లో మనం చెయ్యలేమా. వాట్సాప్ గ్రూపు మాత్రం మీటింగ్ టైమ్ చెప్పుకోవడానికే ఉంచండి, పుస్తకం గురించి అక్కడే మాట్లాడుకుందాం అనుకుంటే వారానికల్లా గుడ్‌మార్నింగ్ పూలు వచ్చేస్తాయి.

10. గ్యాప్ వస్తే

వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్తారు, ఐపీఎల్ వస్తుంది, పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లి, నెల గడిచిపోతుంది. పోయిన పేజీలు వడ్డీతో సహా కట్టాలని రోజుకి నలభై పేజీలు పెట్టుకోకండి, అలా పెట్టుకుంటే మొత్తం మానేస్తారు. ఎప్పుడో చదివి బాగా నచ్చిన పుస్తకం ఒకటి మళ్లీ తియ్యండి, కథ తెలుసు కాబట్టి బరువుండదు, రెండు మూడు రోజుల్లో బండి పట్టాలెక్కుతుంది, అప్పుడు కొత్తది.

ఆఖరుగా ఒకటి. మీరు చదవడం మొదలుపెట్టారని తెలిస్తే ఇంటికొచ్చినవాళ్లు అడిగి పట్టుకెళ్తారు. పరహస్తం గతం గతః అని మన పెద్దలు ఊరికే అనలేదు, వెళ్లిన పుస్తకం మామూలుగా రాదు. మొదటి పేజీలో మీ పేరు, ఫోన్ నంబర్ రాయండి, ఎవరు ఏది ఏ రోజు తీసుకెళ్లారో ఒక చిన్న పుస్తకంలో వాళ్లచేతే రాయించండి, వాళ్లచేత రాయిస్తే కొంచెం గుర్తుంటుంది. అడిగితే కాదనలేని మొహమాటం మీదైతే బాగా ఇష్టమైనవి హాల్లో షోకేసులో పెట్టకుండా లోపలి గదిలో, బట్టల బీరువాలో పెట్టుకోండి.